కంచె మధ్య గొర్రెల దావ

శక్తి వనరులు, వాటి పొదుపు, సుస్థిర ఇంధన విధానం. డిగ్రీ ఆఖరి ఏడాదికి ఈ పేపరు వచ్చినప్పుడు మా కాలేజీలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఫిజిక్సు వాళ్లు ఇది ఎకనామిక్సు అన్నారు. ఎకనామిక్సు వాళ్లు ఇది ఫిజిక్సు అన్నారు. మా ప్రిన్సిపాల్ తెలివైనవాడు. రెండు శాఖల్లోనూ అందరికంటే ఎక్కువ నోరున్న ఇద్దరిని పిలిచి ఒకే గదిలో పడేశాడు. ఫిజిక్సు వైపు నేను. ఎకనామిక్సు వైపు వేంపల్లె దగ్గర చీనీతోటలు, అంటే బత్తాయి తోటలు, ఉన్న ఇంటినుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. ఉద్యోగం నుంచి రిటైరై ఇన్నేళ్లయినా, మధ్యాహ్నం భోజనాల తరువాత మేమిద్దరం కలిసి పాఠం చెప్పిన ఆ గంట నన్ను వదలలేదు. కర్నూలులో మా ఇంట్లో ఫ్యానుకింద కునుకు తీస్తుంటాను. సరిగ్గా ఆ వేళకు మెలకువ వస్తుంది. ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు లేచి కూర్చుంటాను. వెళ్లాల్సిన గది లేదని గుర్తుకు రావడానికి కాస్త సమయం పడుతుంది.

ఇప్పుడు అదే పేపరు చెబుతున్న చిన్నవాళ్ల కోసం ఆ గంట గురించి రాస్తున్నాను.

నా యవ్వనమంతా వాదనల్లో గడిచింది. నిప్పులమీద నడిచి మహిమ అన్న స్వాముల పక్కన నేనూ నడిచి, ఇది మహిమ కాదు, నడక అని చెప్పినవాణ్ణి. వాన కోసం కప్పలకు పెళ్లి చేసే ఊళ్లకు పోయి తిట్లు తిని వచ్చినవాణ్ణి. ఆ వేడి క్లాసులోకి కూడా వచ్చేది. ఒకరోజు గాలిమరల పాఠం చెబుతుంటే వెనకబెంచీ కుర్రాడు లేచాడు.

"సార్, మా పక్క మరలు పెట్టినాక వాన లేదు. రెక్కలు తిరిగి మబ్బుల్ని తరుముతాండాయి."

నేను అందుకున్నాను. మబ్బు ఎంత ఎత్తులో ఉంటుంది, రెక్క ఎంత ఎత్తులో ఉంటుంది, గాలి మరను తిప్పుతుందా, మర గాలిని తిప్పుతుందా, మీ ఇంట్లో విసనకర్ర ఊపితే పక్క ఊళ్లో వాన ఆగుతుందా అని ఉతికి ఆరేశాను. క్లాసు విరగబడి నవ్వింది. కుర్రాడు కూర్చున్నాడు.

మెట్లు దిగుతుంటే మా ఎకనామిక్సు ఆయన అడిగాడు. "ఏమప్పా, గెలిచినావా?"

"గెలవడమేంది? చెప్పింది నిజం."

"నిజమే. వాడు నమ్మినాడా?"

"నమ్మకపోతే వాడి ఖర్మ."

"ఖర్మను నువ్వు నమ్మవు కదప్పా." నవ్వాడు. "చూడు, వాని ఊర్లో వాన లేదు. వాని కండ్లకు కొత్తగా మర కనపడతాండాది. రెండూ కలిపినాడు. కలపడం తప్పని నువ్వు చెప్పల్లంటే, ఎందుకు కలిపినాడో ముందు నీకు తెలిసుండల్ల. నువ్వు ఆ పిల్లోనికి జవాబు చెప్పలేదు, పక్కనోళ్లను నవ్వించినావు."

మరలు మబ్బుల్ని తరుముతాయన్నది శుద్ధ అబద్ధమని నేను ఇప్పటికీ చెబుతాను, ఇంకా గట్టిగానే చెబుతాను. అయితే ఆ మెట్లమీదే మా క్లాసుకు ఒక నియమం పుట్టింది. మన దేశంలో వాదన నేర్చినవాళ్లకు అది కొత్త కాదు. దాని పేరు పూర్వపక్షం. ముందు ఎదుటివాడి వాదనను చెప్పాలి, తరువాతే మనది. మేం దానికి ఇంకొక ముడి వేశాం. ఎదుటివాడు "ఔను, ఇదే నా మాట" అని ఒప్పుకునేదాకా మన మాట మొదలుపెట్టకూడదు. ఒప్పుకోకపోతే కూర్చోవాలి.

మొదట్లో ఎవరూ తమ మాటదాకా రాలేదు. వ్యవసాయానికి ఉచిత కరెంటు మీద వాదన పెడితే, రైతు కొడుకు లైన్‌మన్ కొడుకు మాట చెప్పబోయి, "వీళ్ల నాయనకు స్తంభం ఎక్కేదానికి బద్ధకం" అన్నాడు. లైన్‌మన్ కొడుకు తల అడ్డంగా ఊపాడు. కూర్చో అన్నాం. మరుసటి వారం అదే కుర్రాడు, కరెంటు వచ్చీ రాగానే ఊళ్లో బోరుమోటార్లన్నీ వాటంతట అవి ఒక్కసారిగా లేచేట్టు మేమే ఆటోస్టార్టర్లు బిగించుకుంటున్నాం, దాంతో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతోంది, ఎండలో స్తంభం ఎక్కేది మాత్రం ఆయన, అన్నాడు. లైన్‌మన్ కొడుకు "ఔను" అన్నాడు, చాలా చిన్నగా. వాడి గొంతు అలా మారడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. పొదుపు గురించి నా పాఠాలన్నీ కలిపినా ఆ రోజంత పని చేయలేదు.

ఆ క్లాసులోనే ఒకమ్మాయి ఉండేది. కోయిలకుంట్ల దాటి లోపలికి పోవాలి వాళ్ల ఊరికి. తండ్రి అక్కడి చర్చిలో సంఘపెద్ద. రెండెకరాల మెట్టభూమి, ఒక గొర్రెల మంద. ఆ పిల్ల ఎవరి మాటనైనా వాళ్లకంటే బాగా చెప్పేది. మా ఎకనామిక్సు ఆయన పక్షం చెప్పినరోజు ఆయన లేచి, "ఈ పాప నా మాట నాకంటే బాగా చెప్తాంది. ఇంగ నాకీడ పనేముంది, ఇంటికి పోతా" అని నిజంగానే వాకిలిదాకా నడిచాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చింది. "సార్, మా ఊరికి సోలార్ ప్లేట్లు వస్తాండాయి."

నాకు పట్టరాని సంతోషం. బొగ్గు పొగ, బూడిద చెరువులు, ఇవన్నీ బోర్డుమీద గీసి గీసి అలిసినవాణ్ణి. "మంచిదే కదమ్మా" అన్నాను.

"మంచిదే సార్. మా గొర్రెలకు దావ పోతాది."

ఆ పక్క దావ అంటే దారి. మా ఎకనామిక్సు ఆయన తినబోతున్న ముద్దను గిన్నెలో పెట్టేశాడు.

అమ్మాయి విషయం చెప్పింది. ఊళ్లో భూములున్న రెడ్లు తమ మెట్ట పొలాలను కౌలుకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. వాళ్లకది మేలే. వాన పడని నేల ఏటా డబ్బు ఇస్తుందంటే ఎవరు కాదంటారు? ఆ పొలాలకు ఆనుకొని ఒక గుట్టవాలు ఉంది, ప్రభుత్వ బంజరు. దానికీ కంచె పడుతుంది. అమ్మాయి వాళ్లుండే పడమటి వీధి గొర్రెలన్నీ ఆ వాలుమీదుగానే వంకలోని మడుగుకు నీళ్లకు పోతాయి. కంచె పడితే గుట్టంతా చుట్టి పోవాలి. ఎండాకాలంలో పిల్లతల్లులు అంత దూరం నడవలేవు. వీధిలో కొందరు అప్పుడే మందలు అమ్మే మాట ఎత్తారు. వాళ్ల నాయన కూడా. మంద పోతే ఈమె చదువు అక్కడితో సరి.

"బంజరు కాబట్టి మాకు కాగితం లేదు సార్. గ్రామసభ పెడతాండారు. నేను మాట్లాడల్ల."

నేను నా తీరున మొదలుపెట్టాను. దేశానికి కరెంటు కావాలి, బొగ్గు బూడిదకు ప్రత్యామ్నాయం కావాలి, గొర్రెలకు ఇంకో దారి చూసుకోవచ్చు అన్నాను. ఆయన ఊరుకోలేదు.

"దేశానికి కావల్సిందానికి దావ ఇచ్చేది పడమటి వీధేనా? మా చీనీతోట నడుమ ఎవురూ కంచె ఎయ్యరు, ఎందుకు? మాకు కాగితముండాది. సుస్థిరం అని బోర్డుమీద రాస్తావు కదప్పా, ఎవురికి సుస్థిరమో గూడా రాయి."

"అయితే బొగ్గే కాల్చమంటావా?"

"నేను అట్లన్న్యానా? నా మాట ముందు సక్కగా చెప్పు, ఆ తర్వాత కాదను."

ఇద్దరం గొంతులు పెంచాం. చప్రాసీ తలుపులో తొంగి చూసి పోయాడు. కాసేపటికి గుర్తొచ్చి చూస్తే ఆ పిల్ల బల్ల అంచున ఆనుకుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"ఆగినారేం సార్? కొట్లాడండి. నాకు శానా సాయంగా ఉండాది" అంది.

గ్రామసభ వాళ్ల ఊరి బడి ఆవరణలో, పొద్దున పూట. మేమిద్దరం బస్సెక్కి పోయి వెనక వరుసలో కూర్చున్నాం. ముందు కుర్చీల్లో రెవెన్యూ అధికారి, కంపెనీ తరఫున ఒక నడివయసు ఇంజనీరు, సర్పంచు, పొలాలు ఇస్తున్న పెద్దలు. ఒక పక్కన నేలమీద పడమటి వీధివాళ్లు. ఆడవాళ్లే ఎక్కువ. అమ్మాయి తండ్రి వాళ్ల మధ్య, భుజంమీద టవలుతో, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

పేరు పిలిచాక అమ్మాయి లేచింది. మాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టింది. ప్లేట్లు ఎందుకు రావాలో చెప్పింది. బొగ్గు తవ్వే చోట ఊళ్లు ఏమవుతాయి, కాల్చే చోట గాలి ఏమవుతుంది, ఈ నేలకు వాన లేకపోవడం శాపమైతే ఎండ ఉండడం ఎలా ఆస్తి అవుతుంది, పగటిపూట కరెంటు వస్తే రాత్రుళ్లు పాములున్న పొలంలోకి మోటారు వేయడానికి పోవాల్సిన పని ఎలా తప్పుతుంది. నేను క్లాసులో చెప్పినదానికంటే తేటగా చెప్పింది. ఇంజనీరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ముందు కుర్చీలోని ఒక పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. "శభాష్, చదువుకున్న పిల్లంటే ఇట్లుండల్ల."

అప్పుడు నాకు అర్థమైంది, ఇక్కడ నియమం తెలిసినవాళ్లం ముగ్గురమే అని. ఊరికి ఇది పూర్వపక్షమని తెలియదు. ఊరికి ఇదే ఆ పిల్ల మాట.

"ఏమప్పా పెద్దాయనా" అంది ఒకామె, అందరికీ వినపడేట్టు. "గొర్రెలకంటే ముందు పాపను అమ్మినావా ప్లేట్లోళ్లకు?"

"కాలేజీకి పంపితే ఇంతే మ్మే" అంది ఇంకొకామె. "మన కూడు తిని వాళ్ల పాట పాడతాండాది."

తండ్రి తలెత్తలేదు. అమ్మాయి గొంతు ఒక్క క్షణం తడబడింది. రెవెన్యూ అధికారి ఆ క్షణాన్ని వదులుకోలేదు. గడియారం చూసుకుని లేచాడు. "సరే, గొర్రెల వాళ్ల తరఫున కూడా అమ్మాయి చక్కగా మద్దతు చెప్పింది. అభ్యంతరాలు లేవని రాసుకుందాం."

"నా మాట అయిపోలేదు సార్."

"చాలమ్మా, చాలా బాగా చెప్పావు. మాకింకా రెండు ఊళ్లున్నాయి."

నేను లేచాను. వివరించాలని, నియమం చెప్పాలని, ఇంతమంది ముందు ఇంత అన్యాయమా అని అడగాలని. మా ఎకనామిక్సు ఆయన నా చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"కూచో. ఇది నీ క్లాసు కాదు."

"ఆ పిల్ల నోరు మూసేస్తున్నారు కదయ్యా."

"మనం లేస్తే బయటోళ్లు వచ్చి చెప్పించినారంటారు. కూచో."

అప్పుడు లేచాడు తండ్రి. మోకాళ్లమీద చేతులు పెట్టుకుని, మెల్లగా.

"సార్, రొంత ఆగండి. మా పాప మాట సగమే అయింది."

"సగమేమిటయ్యా, అంతా చెప్పిందిగా" అన్నాడు అధికారి.

"అది మీ మాట సార్. మా పాప ఇంటికాడ గూడా ఇట్లే చేస్తాది. ఆ మధ్య నేను సంబంధం చూసినా. సదువు చాలు, పెండ్లి చేసుకో అన్న్యా. నా పక్కన కూచోని, ఎందుకు చేసుకోవల్లనో నాకంటే బాగా చెప్పింది. నేను గెలిచినాననుకోని ప్రభువుకు స్తోత్రం గూడా చెప్పినా. అప్పుడు మొదులుపెట్టింది రెండో సగం." ఒకసారి అందరి వంకా చూశాడు. "ఆ సంబంధమోళ్లు వచ్చిన బస్సులోనే ఎనక్కి పోయినారు."

నేలమీద కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. ముందు కుర్చీలు కూడా నవ్వాయి. తండ్రి మాత్రం నవ్వలేదు. "మొదటి సగం మీరు విన్నారు. రెండోది గూడా వినండి. తర్వాత మీ ఇష్టం."

అధికారి కూర్చున్నాడు. అమ్మాయి ఇంజనీరు వైపు తిరిగింది. "సార్, నేను చెప్పింది మీ మాటేనా? ఏమన్నా తగ్గించి చెప్పినానా?"

ఆయన ఇలాంటి ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. "లేదమ్మా. మా మాటే. మేమే ఇంత బాగా చెప్పలేదు."

పక్కన మా ఎకనామిక్సు ఆయన ఊపిరి వదలడం నాకు వినపడింది.

"అయితే ఇంగ మా మాట" అంది. "ప్లేట్లు వద్దని మేం అనలేదు. మా గొర్రెలు మీ ప్లేట్లకు అడ్డం గాదు. మీ కంచె మా నీళ్లకు అడ్డం. కంచె ఒగటే ముక్కగా ఎయ్యకండి. రెండు ముక్కలు జేసి నడుమ దావ వదలండి. మంద పోయేంత వెడల్పు చాలు. ప్లేట్ల కింద మొలిచే గడ్డికి మీరు కూలోళ్లను పెట్టి కోయిస్తారు కదా. మా గొర్రెల్ని లోపలికి వదలండి, అవి ఊరికే కోస్తాయి."

ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు. "దారి సంగతి ఆలోచించవచ్చు. లోపలికి మాత్రం కుదరదమ్మా. ప్లేట్లమీదికి ఎక్కుతాయి. తీగలు కొరుకుతాయి."

"గొర్రె యాడన్నా మిద్దెక్కుతాదా అప్పా?" అంది ఇందాక నిందవేసిన ఆమె. "ఎక్కేది మేక."

"మరి మీ మందల్లో మేకలు లేవా?"

ఉన్నాయి. ప్రతి మందలోనూ గొర్రెలకు ముందు నడిచేవి మేకలే. ఇంట్లో పసిపిల్లలకు పాలిచ్చేవీ అవే. దారి వదిలినా, రెండు కంచెల నడుమ మేక ఊరుకోదు, తీగ మీద కాళ్లు పెట్టి లేస్తుంది, కంచె వంగుతుంది, ఆ నష్టం ఎవరు కడతారు, అన్నాడు ఇంజనీరు. తప్పు చెప్పలేదు. అమ్మాయి సిద్ధం చేసుకున్న రెండో సగంలో మేకలు లేవు.

తండ్రి పడమటి వీధివాళ్ల వైపు తిరిగాడు. వాళ్లలో వాళ్లు గుసగుసగా మాట్లాడుకున్నారు. ఒక ముసలామె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తరువాత ఆయన ఇటు తిరిగాడు.

"దావ ఇయ్యండి. మేకల్ని తీసేస్తాం."

"నాయనా" అంది అమ్మాయి.

దారి వదలడానికి ఒప్పుకున్నారు. లోపల మేత కుదరదన్నారు. అలాగే రాసుకుని, అందరి ముందూ చదివి, వెళ్లిపోయారు.

తిరుగు బస్సులో నేను ఉత్సాహంగా ఉన్నాను. "మన నియమం కాలేజీ గోడలు దాటింది" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మేకలు పోయినాయి కదప్పా."

"ఏదీ వదులుకోకుండా ఏ ఒప్పందం అవుతుంది?"

"నిజమే. వదులుకునేది ఎప్పుడూ మేకలున్నోళ్లేనా? ముందు కుర్చీల్లో కూచున్నోళ్లు ఈ పొద్దు ఏమి వదులుకున్నారు, చెప్పు."

"భూమి ఇచ్చారు కదా."

"ఇచ్చినారా, కౌలుకిచ్చినారా? సక్కగా చెప్పు."

కోయిలకుంట్లలో బస్సు మారాలి. దిగి, వాదిస్తూ నిలబడిపోయి మా బస్సును పోగొట్టుకున్నాం. తరువాతి బస్సు వచ్చేదాకా బెంచీమీద కూర్చుని, టీ చల్లారబెట్టుకుంటూ వాదించుకున్నాం. ఆయన చెప్పింది నేను పూర్తిగా ఒప్పుకోలేదు, నేను చెప్పింది ఆయనా ఒప్పుకోలేదు. ఆ బెంచీ దగ్గరికి మళ్లీ పోవడానికి ఏమైనా ఇస్తాను.

ఆయన పోయి కొంతకాలమైంది. వేంపల్లె పోయాను. వచ్చినవాళ్లంతా ఆయన్ని మెత్తని మనిషి, అజాతశత్రువు అని పొగిడారు. నాకు ఒళ్లు మండింది. ఆయన మెత్తనివాడు కాదయ్యా, అంత మొండివాణ్ణి నేను చూడలేదు అనాలనిపించింది. అది విని నాతో తగవు పెట్టుకోవాల్సిన మనిషి అక్కడ లేడు.

మా పేపరు కూడా మారిందట. ఇప్పుడు నాలుగు జవాబులిస్తారు, ఒకటి గుర్తు పెడితే చాలు. సౌరశక్తి ఎలాంటి వనరు? ఎ, బి, సి, డి. చిన్నవాళ్లారా, దీనికి మిమ్మల్ని నిందించను. అయితే ఆ నాలుగింటిలో గొర్రెల దావ ఎక్కడుందో మీ పిల్లల్ని ఒక్కసారి అడగండి. ఎవరో ఒకరు లేచి మీ మాట కాదంటే, ఆ రోజు మీకు జీతం గిట్టినట్టే.

ఈమధ్య ఆ ఊరికి పోయాను. పనేమీ లేదు, పోవాలనిపించింది. రెండు కంచెల మధ్య దావ అలాగే ఉంది, గొర్రెల గిట్టలకు మెత్తబడిన మట్టి, పెంటికలు, ఇరుపక్కలా ఆకాశంవైపు తిరిగిన ప్లేట్లు. నా లెక్కల్లో నేను కోరుకున్నది అంతా అక్కడుంది. అయినా కళ్లు దావలో పోతున్న గొర్రెల మీదినుంచి పక్కకు పోలేదు. అమ్మాయి తండ్రి, ఆ సంఘపెద్ద, మంద వెనక నడుస్తున్నాడు. బాగా పెద్దవాడయ్యాడు. నన్ను గుర్తుపట్టి నిలబడ్డాడు.

"పాప ఎట్లుంది?" అన్నాను.

"రాజంపేటలో సార్. కాలేజీలో మీ పాఠమే చెప్తాండాది. అల్లుడు గూడా మంచోడే. ఆదివారం ఆదివారం ఫోన్ జేస్తాది."

"సంతోషం."

"సంతోషమే సార్." మంద మడుగు దగ్గరికి చేరింది. ఆయన గట్టుమీద కూర్చుని పక్కన చోటు చూపించాడు. నేనూ కూర్చున్నాను. "కొడుకు, కోడలు ఇంట్లోనే ఉండారు. బాగా చూసుకుంటారు. నేను ఏమి చెప్పినా ఊ అంటారు. ఎండాకాలం మంద అమ్మేద్దామా అంటే ఊ. వద్దులే అంటే ఊ. సంఘంలో గూడా అంతే, పెద్దాయన చెప్పినాడంటే అయిపోయె. నేను చెప్పేది రైటో తప్పో నాకు తెలుస్తాలేదు సార్."

గొర్రెలు నీళ్లలోకి మూతులు దించాయి.

"వచ్చే ఏడు మంద సగానికి తగ్గిద్దామనుకుంటాండా" అన్నాడు. "దావ ఉన్నా, తోలేదానికి నాకు కాళ్లు లేవు. ఎందుకు తగ్గించల్లనో అంతా చెప్తా, వినండి. విన్నాక రొంత కాదనండి సార్."